నుదుటి మీద పసుపు కాగితం

ఒడిశాలో మా బరంపురంలో బుఢీ ఠాకురాణీ జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. దాన్ని మొదలుపెట్టింది మా తెలుగు దేరా నేతవాళ్ళేనని పెద్దలు చెప్తారు, ఇప్పటికీ అమ్మవారు పుట్టింటికి వచ్చేది దేశీ బెహరా వీధికే. ఆ నెల రోజులూ ఊళ్ళో ఎటు చూసినా వేషాలే. మొక్కుకున్నవాళ్ళు కడతారు, సరదాకి కట్టేవాళ్ళు కడతారు, పులివేషం కట్టినవాడు ఒళ్ళంతా పసుపు నలుపు చారలు పూసుకుని తోక ఊపుకుంటూ డప్పుకి అడుగేస్తుంటే పిల్లలం వెనకాల పరిగెత్తేవాళ్ళం. నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి జాతరలో మా పెద్దమ్మ కొడుకు ఒక వేషం కట్టాడు. అప్పటిదాకా మా ఊళ్ళో ఎవరూ అలాంటిది చూసి ఉండరు. పెదనాన్న పాత నల్లకోటు, అట్టముక్కలు కుట్టి చేసిన గుండ్రటి టోపీ, మొహమంతా బియ్యప్పిండి, కళ్ళ కింద కాటుక, నుదుటి మీద అన్నం మెతుకులతో అతికించిన ఒక పొడుగాటి పసుపు కాగితం. ఆ కాగితం మీద చైనా అక్షరాల్లా కనబడాలని తెలుగూ ఒడియా కలిపి ఎర్ర సిరాతో ఏవేవో రాసుకున్నాడు. చేతులు రెండూ ముందుకి చాపి, కాళ్ళు దగ్గర పెట్టి, మోకాలు వంచకుండా గెంతుకుంటూ మా వీధి నుంచి బడా బజారు దాకా వెళ్ళాడు.

దారిలో ఒక ముసలమ్మ ఆపి, "ఏట్రా బాబూ ఈ వేషం, కాళ్ళకేటయింది?" అని అడిగింది. "శవాన్ని మామ్మా, ఇంటికెళ్తన్నాను," అన్నాడు అన్నయ్య.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఈ పోస్టు దాని గురించే అనుకోండి, కానీ ముందు సినిమాల గురించి చెప్పకపోతే కుదరదు.

తొంభైల్లో మా వీధి కేబుల్ అతను రాత్రి పదిన్నర దాటాక వీడియో క్యాసెట్లు వేసేవాడు. హాంకాంగ్ సినిమాలు ఎక్కువ. భాష చైనాది, కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి కానీ మా టీవీలో సగానికి తెగిపోయేవి. అలా ఒక రాత్రి చూశాం "మిస్టర్ వాంపైర్" అనే సినిమాని. 1985లో వచ్చింది, తీసినతను రికీ లౌ, అంతకుముందు కెమెరామన్, దర్శకుడిగా అదే మొదటి సినిమా. నిర్మాత సామో హంగ్. ఒక్క మాట అర్థం కాకపోయినా కథ మొత్తం మాకు తెలిసిపోయింది. ఇప్పుడు ఎన్నోసారి చూసినా అదే అనిపిస్తుంది, మాటలు తీసేసినా నిలబడే సినిమా అది.

కథ ఏంటంటే, ఒక పెద్ద కామందు తన తండ్రి శవాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత తవ్వి వేరే చోట పాతిపెట్టాలనుకుంటాడు. మొదట పాతిన చోటే తప్పుడు చోటు, పగబట్టినవాడు కావాలని అలా చెప్పాడు, శవాన్ని నిలువుగా పాతారు. తీరా తవ్వి పెట్టె తెరిస్తే శవం కుళ్ళలేదు. చైనాలోని టావో మతం గురువు ఒకాయన చూడగానే ఇది లేస్తుంది అని గ్రహించి, పెట్టె చుట్టూ సిరా దారంతో గీతలు కొట్టమని ఇద్దరు శిష్యులకి చెప్తాడు. మన వడ్రంగులు చెక్క కోసే ముందు రంగు దారం బిగించి లాగి వదిలి గీత కొడతారు చూడండి, అచ్చం అదే. శిష్యులు పైనా పక్కలా కొడతారు, పెట్టె అడుగున మర్చిపోతారు. అంతే. ఆ ఒక్క మరుపు మీద మిగతా సినిమా నడుస్తుంది. ఒక శిష్యుణ్ణి ఆ శవం గాయపరుస్తుంది, వాడు కూడా శవంగా మారిపోకుండా జిగురు బియ్యం కావాలి, ఆ బియ్యం కొనడానికి రెండోవాణ్ణి పంపిస్తే కొట్టువాడు మామూలు బియ్యం కలిపేస్తాడు. కల్తీ! మా ఇంట్లో ఆ సీను రాగానే మా పెదనాన్న మంచం మీంచి లేచి కూర్చున్నాడు. దెయ్యానికి ఆయన కదల్లేదు, కల్తీ బియ్యానికి కదిలాడు. రేషను బియ్యంలో రాళ్ళు ఏరుకున్న ఇంట్లో ఆ సీనుకి వేరే వివరణ అక్కర్లేదు.

ఇక ఆ శవాల గురించి. వాటిని జియాంగ్‌షీ అంటారు, బిగుసుకుపోయిన శవం అని అర్థం. తెలుగువాళ్ళం వాంపైర్ అనగానే 1897లో వచ్చిన డ్రాక్యులా నవలలోని కోట, గబ్బిలం, మెడ మీద రెండు పళ్ళ గాట్లు అనుకుంటాం. ఇది ఆ బాపతు కాదు. చచ్చినవాడి ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోతుంది కదా, కీళ్ళు వంగవు కదా, మరి లేస్తే ఎలా నడుస్తాడు? నడవలేడు, గెంతాలి. మోచెయ్యి వంగదు కాబట్టి చేతులు చాచే ఉంటాయి. కళ్ళు కనబడవు, మన ఊపిరిని బట్టి పట్టుకుంటాడు, ఊపిరి బిగబడితే పక్కన నిలబడ్డా తెలియదు. గడప ఎత్తుగా ఉంటే దాటలేడు. ఇదంతా ఒకే ఒక్క సంగతి నుంచి, ఒళ్ళు బిగుసుకుపోవడం నుంచి వచ్చింది, అందుకే పిల్లలకి కూడా ఒక్క నిమిషంలో రూల్స్ అర్థమైపోతాయి. వేసుకునే బట్టలు చింగ్ వంశం నాటి దొరల దుస్తులు, అంటే 1644 నుంచి 1912 దాకా చైనాని ఏలినవాళ్ళ కాలంవి. నుదుటి మీద పసుపు కాగితం గురువు రాసిన మంత్రం, అది ఉన్నంతసేపు శవం చెప్పినట్టు వింటుంది. ఊడితే అయిపోయాం.

ఊపిరి బిగబట్టే సీన్లు ఎందుకంత బాగుంటాయో నాకు చాలా కాలం ఆలోచన. చూసేవాళ్ళు కూడా బిగబడతారు, అదీ సంగతి. మా హాల్లో పదిమంది పిల్లలం బుగ్గలు ఉబ్బించుకుని కూర్చునేవాళ్ళం. భయమూ నవ్వూ ఒకే గుండెలోంచి ఒకేసారి వచ్చే చోటు అది, ఎవడో ఒకడు ఫక్కున వదిలేస్తాడు, అందరం వదిలేస్తాం. దీనికి ఎంత ఖర్చయింది? ఏమీ లేదు. వెదురు గొట్టం ఒకటి, ఇద్దరు నటులు, ఒక గది.

ఖర్చు గురించి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే "చీప్ సినిమాలు" అని వీటిని తీసిపారేసేవాళ్ళంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ సినిమాల్లో అసలు పెట్టుబడి ఒళ్ళు. సామో హంగ్, ఆయన తోటివాళ్ళు చిన్నప్పుడే ఒపేరా గురువుల దగ్గర చేరి ఏళ్ళ తరబడి పిల్లిమొగ్గలు, కర్ర తిప్పడం, తలకిందులుగా నిలబడటం నేర్చుకున్నవాళ్ళు. "మిస్టర్ వాంపైర్"లో లేచిన శవంగా వేసినతను యువెన్ వా, బ్రూస్ లీకి పిల్లిమొగ్గల దగ్గర డూప్‌గా చేసినవాడు. మీలో చాలామందికి ఆయన తెలుసు, "కుంగ్ ఫూ హజిల్"లో పైజమా వేసుకుని పెళ్ళాం చేత తన్నులు తినే ఇంటి ఓనరు ఆయనే. అంత ఒడుపున్న మనిషిని తెచ్చి, నువ్వు మోకాలు వంచకూడదు, మోచెయ్యి వంచకూడదు, మొహంలో ఏమీ కనబడకూడదు అన్నారు. అవన్నీ కట్టేసినా ఆ మనిషి భయపెట్టాడు. మా గంజాం పల్లెల్లో ఆఖడాలో, అంటే వ్యాయామశాలలో, కర్ర తిప్పేవాళ్ళని, ఎండలో గంటల తరబడి పులి అడుగులు వేసేవాళ్ళని చూసి పెరిగినవాణ్ణి నేను, ఒళ్ళు మీద అదుపు ఎంత కష్టపడితే వస్తుందో తెలుసు. ఆ సినిమా హాంకాంగ్‌లో 2 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసిందంటే, అక్కడి డాలర్లే అనుకోండి, జనం ఆ కష్టాన్ని గుర్తుపట్టారనే నా నమ్మకం.

దానికి ముందే, 1980లో, సామో హంగ్ తానే తీసి తానే నటించిన "ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది స్పూకీ కైండ్" ఉంది. పందెం కట్టి రాత్రి గుడిలో పడుకునే మొండివాడి కథ. అందులో చివరి పోరాటం ఇద్దరు మాంత్రికుల మధ్య, మనుషుల ఒంటి మీదికి దేవతల్ని పిలిచి పోరాడతారు, సామో హంగ్ మీదికి వానరదేవుడు వస్తాడు. బయటి దేశాలవాళ్ళు దాన్ని వింత అని రాస్తుంటారు. మనకేం వింత? పూనకం. జాతరలో పూనకం వచ్చినవాళ్ళ కళ్ళు, మెడ తిరిగే తీరు, అడుగు పడే వేగం మారిపోవడం చూసినవాళ్ళకి ఆ నటుడు ఏం చేస్తున్నాడో, ఎంత గమనించి చేస్తున్నాడో తెలుస్తుంది. గంజాంలో ప్రహ్లాద నాటకం ఆడేటప్పుడు నరసింహ వేషం ముఖానికి పెట్టగానే ఆ మనిషిని నలుగురు గట్టిగా పట్టుకుంటారు. ఆ నలుగురి చేతుల్లో ఉన్న టెన్షన్ సరిగ్గా ఈ సినిమాలో ఉంది.

డబ్బు తక్కువైన ప్రతి సినిమా గొప్పది అనను. 1988లో "రోబో వాంపైర్" అని ఒకటి వచ్చింది, రోబో పోలీసు ఒక వైపు, గెంతే శవాలు ఇంకో వైపు, మధ్యలో ఎక్కడిదో వేరే సినిమా ముక్కలు తెచ్చి అతికించారు. ముక్కకీ ముక్కకీ మధ్య మనిషి మారిపోతాడు, అడవి మారిపోతుంది. దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళున్నారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ గెంతే మనుషులు అక్కడ కూడా కష్టపడ్డారు, వాళ్ళ కష్టాన్ని కూర్చినవాళ్ళు గౌరవించలేదు. దాన్ని పాడుచేసింది డబ్బు లేకపోవడం కాదు, ఓపిక లేకపోవడం. 1974లో ఇంగ్లండు హ్యామర్ కంపెనీ, హాంకాంగ్ షా బ్రదర్స్ కలిసి డ్రాక్యులాని చైనాకి తెచ్చిన సినిమా కూడా ఉంది, పీటర్ కుషింగ్ ఉన్నాడని ఒకసారి చూశాను, చాలు.

లామ్ చింగ్-యింగ్ గురించి రాయడానికి నేను వేరే పోస్టు పెట్టాలి అసలు. "మిస్టర్ వాంపైర్"లో గురువు ఆయనే. రెండు కనుబొమ్మలు కలిసిపోయి ఒకటే గీత, పసుపు రంగు టావో దుస్తులు, చేతిలో పీచ్ చెట్టు కర్రతో చేసిన కత్తి. 1952లో పుట్టాడు, బ్రూస్ లీ సినిమాల్లో ఫైట్ల దగ్గర పనిచేశాడు, తెర మీద ఎప్పుడూ పక్కనే ఉండేవాడు, ముప్ఫై రెండేళ్ళకి ఈ గురువు వేషం వచ్చాక మిగతా జీవితమంతా జనం ఆయన్ని గురువుగానే చూశారు. 1989లో తానే దర్శకత్వం చేసి టావో గురువుకీ యూరప్ వాంపైర్‌కీ పోటీ పెట్టాడు, "వాంపైర్ వర్సెస్ వాంపైర్" అని. మంత్రం కాగితాలు ఆ తెల్లవాడి మీద పనిచెయ్యవు, గురువు మొహంలో మొట్టమొదటిసారి ఏం చెయ్యాలో తోచని చూపు వస్తుంది, ఆ ఒక్క చూపు కోసం నేను ఆ సినిమాని దాచుకున్నాను. 1997లో లివర్ క్యాన్సర్‌తో చనిపోయాడు. నలభై నాలుగేళ్ళు.

ఆయన వేసిన గురువులో నాకు నచ్చేది నవ్వకపోవడం. చుట్టూ శిష్యులు ఎన్ని వెధవ పనులు చేసినా ఆయన తన పని తాను శ్రద్ధగా చేస్తాడు, దారం బిగుతుగా ఉందా లేదా చూసుకుంటాడు, బియ్యం చేతిలోకి తీసుకుని పరీక్షిస్తాడు. ఇంకొకటి కూడా ఉంది, ఇది మా వైపు వాళ్ళకే బాగా తగులుతుందేమో. ఆ గురువు ఎప్పుడూ బతికున్న పక్కింటి ముసలామెని వేలెత్తి చూపించడు. మా ఏజెన్సీ పల్లెల్లో, అటు శ్రీకాకుళం విజయనగరం వైపైనా ఇటు గజపతి రాయగడ వైపైనా, చిల్లంగి, అంటే చేతబడి, చేసిందని ఒంటరి ఆడవాళ్ళని కొట్టి చంపిన కేసులు వింటూనే పెరిగాం. ఒడిశా ప్రభుత్వం 2013లో దానికి ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది. చిన్నప్పుడు నాకు ఈ సినిమాలు ఎందుకు హాయిగా ఉండేవో ఇప్పుడు తెలుస్తోంది. వీటిలో చెడు అంటే ఒక శవం, తప్పు చోట పాతిన శవం. దాన్ని సరిచెయ్యడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరి గుమ్మం ముందూ జనం గుమిగూడి కర్రలతో నిలబడరు.

కొన్నేళ్ళ కిందట చంద్రగిరి వెళ్ళాను. మా బరంపురం నుంచి ఘాట్ రోడ్డెక్కితే గజపతి జిల్లాలో టిబెట్ వాళ్ళ కాలనీలున్నాయి, జిరంగ దగ్గర 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద గుడి ఉంది. అక్కడ ఒక చిన్న హోటల్లో థుక్పా తింటూ, ఆ ఇంటి పెద్దాయనతో మాటల్లో ఈ గెంతే శవాల సంగతి తెచ్చాను. ఆయనకి ఒడియా బాగా వచ్చు. మా దగ్గరా ఉన్నాయి, రోలంగ్ అంటాం అన్నాడు. రో అంటే శవం, లంగ్ అంటే లేవడం. అది నడుం వంచలేదట, అందుకే పాత టిబెట్ ఇళ్ళకి గుమ్మాలు బాగా పొట్టిగా పెట్టేవాళ్ళట, మనిషి వంగి లోపలికి వెళ్తాడు, రోలంగ్ నిలువునా తగిలి ఆగిపోతుంది. చైనాలో గడప ఎత్తు, టిబెట్‌లో గుమ్మం పొట్టి. ఒకే భయానికి ఇద్దరు వడ్రంగులు రెండు రకాల తలుపులు చేశారు.

ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, మన సంస్కృతం బేతాళ కథలు టిబెట్‌కి వెళ్ళినప్పుడు బేతాళుడు అనే మాటకి వాళ్ళు వాడుకున్న మాట ఈ రోలంగే. అక్కడి నుంచి కథలు మంగోలియా దాకా వెళ్ళాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చందమామలో శంకర్ గారు వేసిన బొమ్మ ఏ తెలుగు పిల్లాడికి తెలియదు చెప్పండి, కత్తి పట్టుకున్న విక్రమార్కుడు, భుజం మీద శవం, వెనక చెట్టు, కింద పుర్రెలు. మనం ఎప్పుడూ ఆ శవం చెప్పే కథలే విన్నాం, ఆ రాజు ఏం పని చేస్తున్నాడో చూడలేదు. ఆయన శవాన్ని మోస్తున్నాడు. రాత్రి పూట, ఒక చోటు నుంచి ఇంకో చోటికి, దారిలో మాట్లాడుతూ.

జియాంగ్‌షీ కథకి కూడా అసలు వేరు శవాన్ని మోయడంలోనే ఉందంటారు. చైనాలో హునాన్ రాష్ట్రానికి పడమర వైపు కొండలు, షియాంగ్‌షీ అంటారు. పని కోసం దూరం పోయి అక్కడే చచ్చిపోయిన కూలీల శవాల్ని బండ్లలో తెచ్చుకునే స్తోమత ఇంటివాళ్ళకి ఉండదు, కానీ సొంత ఊళ్ళో పాతకపోతే ఆ ప్రాణానికి శాంతి ఉండదని నమ్మకం. అందుకని శవాల్ని నడిపించే గురువులు ఉండేవాళ్ళని చెప్పుకునేవాళ్ళు. చీకటి పడ్డాక ముందు గురువు చిన్న గంట వాయిస్తూ, వెనక వరసగా శవాలు గెంతుకుంటూ, ఎదురొచ్చేవాళ్ళు తప్పుకోవాలని ఆ గంట. జరిగింది ఏమై ఉంటుందో కూడా చెప్తారు. రెండు పొడుగు వెదురు బొంగుల మధ్య శవాల్ని నిలువుగా కట్టి ముందొకడూ వెనకొకడూ మోసేవాళ్ళు, నడుస్తుంటే వెదురు కిందికీ పైకీ ఊగుతుంది, చీకట్లో దూరం నుంచి చూసేవాడికి ఆ శవాలే గెంతుతున్నట్టు ఉంటుంది. "మిస్టర్ వాంపైర్" మొదట్లో ఆంథోనీ చాన్ వేసిన కళ్ళద్దాల గురువు చేసే పని అదే, శవాల్ని వరసగా తోలుకొచ్చి ఒక రాత్రికి గురువుగారింట్లో విడిది చేయించడం. చిన్నప్పుడు ఆ సీనుకి నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాం.

మా అన్నయ్య 2003లో సూరత్ వెళ్ళాడు. గంజాం జిల్లాలో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, మా వీధిలో ప్రతి మూడో ఇంటి నుంచి ఒకరు సూరత్ మగ్గాల దగ్గర ఉంటారు. బరంపురం పట్టు నేసిన చేతులు అక్కడ పవర్‌లూమ్ మీద పాలియెస్టర్ నేస్తాయి. పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిలో పగటివాళ్ళు ఒక వంతు రాత్రివాళ్ళు ఒక వంతు, చాప ఎప్పుడూ వెచ్చగానే ఉంటుందని చెప్పేవాడు. ఏడాదికోసారి ఇంటికొచ్చేవాడు, వచ్చినప్పుడల్లా నాకోసం కొత్త సీడీ ఏదో ఒకటి, అక్కడి ఫుట్‌పాత్‌ల మీద దొరికేవి. లామ్ చింగ్-యింగ్ ఉన్న సినిమాలు సగం అలా చూసినవే.

2009 ఎండాకాలంలో, రాత్రి షిఫ్టులో, మిషను దగ్గరే కూలబడిపోయాడు. ముప్ఫై రెండేళ్ళు. పనిచేసిన చోటు నుంచి ఏమీ రాలేదు. గదిలో ఉండే గంజాం కుర్రాళ్ళు, ఆ వీధిలో ఉన్న మిగతా ఒడియా తెలుగు వాళ్ళు చందాలు వేసుకుని అంబులెన్స్ మాట్లాడారు. ఐస్ పెట్టెలో పెట్టి, నాగపూర్, రాయ్‌పూర్ మీదుగా, రెండు పగళ్ళు రెండు రాత్రుళ్ళు. కూడా వచ్చింది ఒక్క కుర్రాడు, అస్కా దగ్గరి వాడు, అన్నయ్య గదివాడు. వాడు తర్వాత మాతో చెప్పాడు, డ్రైవరు టీకి ఆపిన ప్రతి చోటా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, "భాయ్, నాగపూర్ దాటాం, భాయ్, రాయ్‌పూర్ వచ్చింది, రేపు పొద్దున్నకి ఇల్లు" అని చెప్తూ వచ్చాడట. ఎవరూ చెప్పమని అడగలేదు వాణ్ణి. చెప్పకపోతే వెనకబడిపోతాడేమో అనిపించిందట.

శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. మన ఆచారం మీకు తెలుసు, అక్కడ ఆపి చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, ప్రాణం ఏ మూలైనా ఉంటే లేస్తాడని. పెదనాన్న రెండుసార్లు పిలిచి మూడోసారి పిలవలేకపోయాడు. నన్ను పిలవమన్నారు. వంగి పిలిచాను. నుదుటి మీద బొట్టు, మొహం తెల్లగా, చేతులు బిగుసుకుని ఉన్నాయి, నాకు ఆ క్షణంలో బియ్యప్పిండి రాసుకున్న మొహమే కనబడింది, కాగితం ఊడదీస్తే గెంతుతాడని నిజంగా అనిపించింది. చైనావాళ్ళు శవం లేస్తుందేమోనని భయపడి కథ కట్టారనుకుంటాం. ఆ కథ కట్టినవాళ్ళు ముందు శవం చెవిలో పేరు పెట్టి పిలిచినవాళ్ళే అయ్యుంటారు. లేవకూడదనే భయమూ, లేస్తే బాగుండుననే ఆశా ఒక్క శవం దగ్గరే పుడతాయి. "శవాన్ని మామ్మా, ఇంటికెళ్తన్నాను" అన్న మాట నాకు అక్కడ అర్థమైంది.

తర్వాత చాలా కాలం ఆ సినిమాలు చూడలేదు. 2013లో జూనో మాక్ తీసిన "రిగర్ మోర్టిస్" మళ్ళీ మొదలుపెట్టించింది. పాత "మిస్టర్ వాంపైర్" శిష్యుడు చిన్ సియు-హో అందులో వయసైపోయిన నటుడు, కళ్ళద్దాల గురువు ఆంథోనీ చాన్ ఇప్పుడు అన్నం వండి అమ్ముకుంటాడు, లామ్ చింగ్-యింగ్‌కీ, రెండో శిష్యుడిగా వేసి 2011లో పోయిన రికీ హుయ్‌కీ అంకితం ఇచ్చారు. నవ్వు లేదు అందులో, దుఃఖం మాత్రమే ఉంది. మంచి సినిమానే, కానీ మొదట అదే చూడకండి, పాతవాటిలో నవ్విన తర్వాతే దాని బరువు తెలుస్తుంది. 1980ది, తర్వాత 1985ది, ఆ తర్వాత 1989ది, చివరికి ఇది. వీలైతే రాత్రి పూట, నలుగురు కూర్చుని.

అన్నయ్య కొడుకు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాళ్ళ నాన్న వేషం కట్టిన ఫోటో ఒకటి పెద్దమ్మ దగ్గర ఉంది, మూల మడత పడింది, పసుపు కాగితం తెల్లగా వెలిసిపోయింది. పోయిన నెల అది చూపించి, "చిన్నాన్నా, వచ్చే జాతరకి నేను ఇదే కడతాను, గెంతడం నేర్పవా?" అన్నాడు. వదినకి మొదట ఇష్టం లేదు, శవం వేషం ఎందుకురా అంది. తర్వాత ట్రంకు పెట్టెలోంచి ఆ నల్లకోటు తీసి ఎండలో వేసింది. ఆదివారాలు మేడ మీద సాధన చేస్తున్నాం. మోకాలు వంచకుండా గెంతాలంటే బలమంతా మడమ దగ్గర నుంచి, పిక్కల్లోంచి రావాలి, చేతులు ముందుకి చాచి ఉంటాయి కాబట్టి ఒళ్ళు ముందుకి తూలిపోతుంది, దాన్ని నడుంతో ఆపుకోవాలి. మొదటి వారం వాడు నాలుగు గెంతులకే చతికిలబడ్డాడు. మొన్న పదకొండు వరసగా వేశాడు. బడా బజారు దాకా అంటే ఎన్ని కావాలో లెక్కపెడదామని నిన్న సాయంత్రం ఇద్దరం ఆ దారంట నడిచాం. మా గుమ్మం నుంచి మొదటి మలుపుకే రెండు వందల పైన తేలాయి.